పరిమితమైన డబ్బుతో పాత ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు: పేరు చూసి కొనాలా, ఒళ్లు చూసి కొనాలా?

సగంజీతం
నాకు కావలసినవి నాలుగే: రెండు సీట్లు, విప్పుకోగలిగే టాపు, చేత్తో మార్చుకునే గేర్లు, వెనక చక్రాలను తిప్పే ఇంజన్. కొత్తది కొనే స్తోమత లేదు. మూడేళ్లుగా దాచినది ఒక మోస్తరు పాత కుటుంబపు కారుకు సరిపోయే మొత్తం మాత్రమే. విచిత్రమేమిటంటే, సరిగ్గా అదే మొత్తానికి 2001 నాటి పోర్షే బాక్స్‌స్టర్ ఒకటి, దానికంటే చాలా తరువాత తయారైన మాజ్దా ఎమ్‌ఎక్స్-5 ఒకటి అమ్మకానికి కనబడుతున్నాయి. అంత పేరున్న బండి ఇంత తక్కువకు ఎందుకు దొరుకుతోందో, ఆ తక్కువలో నేను చూడలేకపోతున్నది ఏమిటో అనుభవం ఉన్నవారు చెప్పండి. వారానికి రెండు రోజులే నడుపుతాను, రోజువారీ తిరుగుడుకు వేరే బండి ఉంది. రెండూ పిచ్చి పనులేనని ఇంట్లో ఇప్పటికే తేల్చేశారు కాబట్టి ఆ కోణం నుంచి సలహాలు అక్కర్లేదు.

లెక్కలపుస్తకం
బండి ధర పాతబడుతుంది గాని దాని విడిభాగాల ధర పాతబడదు. మీ ప్రశ్నకు నా సమాధానం ఈ ఒక్క వాక్యమే. కొత్తలో ఖరీదైన కారుగా అమ్ముడైన బండికి ఇరవై ఏళ్ల తరువాత క్లచ్ వేయించినా, బ్రేకు డిస్కులు మార్చినా అది ఖరీదైన కారు లెక్కనే వసూలు చేస్తుంది. దాచిన డబ్బు మొత్తాన్ని బండి మీదే పెట్టకండి. నాలుగో వంతు పక్కన ఉంచి, మిగిలిన మూడు వంతులకు ఏది వస్తే అదే మీ బండి అనుకోండి. టైర్లు, బెల్టులు, అన్ని రకాల ఆయిళ్లు, బ్యాటరీ, ఒక్కోసారి టాపు గుడ్డ కూడా మొదటి ఏడాదిలోనే వరసగా మీ తలుపు తడతాయి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడే పరిస్థితి తెచ్చుకోకండి.

చిన్నబండి
నేను పదకొండేళ్లుగా రెండో తరం ఎమ్‌ఎక్స్-5 నడుపుతున్నాను కాబట్టి నా పక్షపాతాన్ని ముందే ఒప్పుకుంటున్నాను. ఈ కారు 1989లో వచ్చింది. 2016 ఏప్రిల్ నాటికి పది లక్షలు తయారయ్యాయి. ఇది గొప్ప చెప్పుకోవడానికి కాదు, కొనుగోలుదారుడికి నేరుగా ఉపయోగపడే విషయం కాబట్టి చెబుతున్నాను. ఇన్ని తిరుగుతున్నప్పుడు విడిభాగాలు దొరుకుతాయి, వేరే కంపెనీలు కూడా వాటిని తయారుచేస్తాయి, ఏ బోల్టు ఎక్కడ పట్టేస్తుందో ఎవరో ఒకరు ఇప్పటికే కనిపెట్టి రాసి ఉంటారు. పైకి లేచే దీపాలతో 1997 వరకు వచ్చినది మొదటి తరం, స్థిరమైన దీపాలతో 2005 వరకు వచ్చినది రెండోది, కాస్త పెద్ద ఒంటితో 2015 వరకు వచ్చినది మూడోది. మొదటి తరం ఇప్పుడు సేకరించేవారి చేతుల్లో పడి ధర పెరిగింది. మీ డబ్బుకు రెండో తరంలో మంచిది గాని, మూడో తరంలో ఓ మోస్తరుది గాని వస్తుంది.

ఆరుసిలిండర్లు
మళ్లీ అదే జవాబు! ఎవరు ఏ కారు గురించి అడిగినా ఎమ్‌ఎక్స్-5 కొనమనడం ఇక్కడ ఆచారమైపోయింది. బాక్స్‌స్టర్‌లో ఇంజన్ మధ్యలో, నేలకు దగ్గరగా పడుకుని ఉంటుంది. ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ ఉంటాయి. 2001 నాటి దానిలో 2.7 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ మూడో గేరులో పైకి వెళ్తున్నప్పుడు వచ్చే ధ్వనిని నాలుగు సిలిండర్ల బండి ఏదీ ఇవ్వలేదు. మలుపులో అది చూపే నిలకడ అంతకు రెండింతల ధర ఉన్న బండ్లలో కూడా అరుదు. తక్కువ ధరకు దొరుకుతున్నది చెడ్డది కావడం వల్ల కాదు, ఒక బేరింగు గురించిన భయం ఊరూరా పాకడం వల్ల. ఆ భయమే మీకు రాయితీ.

రెంచిబాబాయి
ఆ బేరింగు సంగతి సగం చెప్పి వదిలేయకుండా పూర్తిగా చెప్పాలి. ఆ ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ నుంచి తిరుగుడును అందుకుని, చైన్ల ద్వారా, వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టులకు చేరవేసే మధ్య షాఫ్ట్ ఒకటి ఉంటుంది. ఇంజన్ గేరుబాక్సుతో కలిసే చివర, అంటే ఫ్లైవీల్ వైపు, దాన్ని మోసేది గ్రీజు నింపి మూసేసిన బాల్ బేరింగు. కాలక్రమంలో మూత సందుల నుంచి ఇంజన్ ఆయిల్ లోపలికి దూరి గ్రీజును కడిగేస్తుంది, బేరింగు ఎండి అరుగుతుంది. అది విరిగిన క్షణాన చైన్ల లెక్క తప్పి వాల్వులు పిస్టన్లను గుద్దుకుంటాయి. ఆ తరువాత మిగిలేది బాగుచేసే ఇంజన్ కాదు, తూకానికి వేసే ఇనుము.

1990లలో వచ్చిన బండ్లలో ఎక్కువగా రెండు వరసల గుండ్ల బేరింగు ఉండేది, అది కాస్త గట్టిది. సుమారు 2000 నుంచి 2005 వరకు వేసిన ఒంటి వరస బేరింగుతోనే ఎక్కువ ఫిర్యాదులు వచ్చాయి. 2009 మోడల్ నుంచి ఇంజన్ రూపమే మార్చి ఆ షాఫ్టును తీసేశారు. సగంజీతం గారు చూస్తున్న 2001 బండి సరిగ్గా ఒంటి వరస కాలానిది. అలాగని అన్నీ విరగవు, చాలా బండ్లు లక్షల కిలోమీటర్లు హాయిగా తిరిగాయి. గేరుబాక్సు దించకుండా ఆ బేరింగును చేరుకోలేము కాబట్టి తెలివైన యజమానులు క్లచ్ మార్పించే రోజునే దాన్ని కూడా మార్పిస్తారు. అందుచేత అమ్మేవారిని అడగవలసిన ప్రశ్న బేరింగు బాగుందా అని కాదు, మార్పించిన రసీదు ఉందా అని. రసీదు లేకపోతే ఆయిల్ ఫిల్టరును కోసి, మడతల్లో లోహపు పలుకులు మెరుస్తున్నాయేమో చూడాలి. అందుకు ఒప్పుకోని అమ్మకందారుడి దగ్గర అరనిమిషం కూడా నిలబడనక్కర్లేదు.

ఆరుసిలిండర్లు
బాబాయి చెప్పిన దానితో నాకు పేచీ లేదు. ఆ రసీదున్న బండినే వెతుక్కోమని నా భావం. నా బండికి ఆ పని ముందు యజమానే చేయించారు, తొమ్మిదేళ్లుగా ఆయిల్ మార్చడం, ముందు బంపరు లోపల రేడియేటర్ల ముందు పేరుకున్న ఆకులు తీయడం తప్ప దానికి నేను చేసిన పెద్ద సేవ లేదు.

లెక్కలపుస్తకం
ఆ రసీదున్న బండి, రసీదు లేని బండి ధరకు దొరకదు. సగంజీతం గారి బడ్జెట్‌లో కనబడుతున్నది రెండో రకమేనని నా అనుమానం.

సగంజీతం
అనుమానం నిజమే. ఇప్పుడే ఫోను చేసి అడిగాను. "దాని గురించి ఎవరూ ఎప్పుడూ అడగలేదండీ" అని జవాబు వచ్చింది. ఈ రెండూ కాక చూడదగిన మూడో బండి ఏదైనా ఉందా?

మధ్యఇంజన్
టొయోటా ఎమ్‌ఆర్-ఎస్, కొన్ని దేశాల్లో ఎమ్‌ఆర్2 పేరుతోనే అమ్మిన మూడో తరం బండి, 1999 నుంచి 2007 వరకు వచ్చింది. ఇంజన్ సీట్ల వెనక ఉంటుంది, బరువు వెయ్యి కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది, 1.8 లీటర్ల ఇంజన్ మామూలు కార్లలో వచ్చినదే కాబట్టి విడిభాగాలకు వెతుకులాట లేదు. అయితే రెండు లోపాలు తెలిసి కొనాలి. మొదటి ఏళ్ల ఇంజన్లలో పిస్టన్ రింగులు పట్టేసి ఆయిల్ తాగడం ఒకటి. ఎగ్జాస్ట్ మొదట్లో పొగను శుభ్రపరచడానికి ఉండే చిన్న క్యాటలిటిక్ కన్వర్టర్లు లోపల పొడిగా రాలి, ఆ పొడి తిరిగి సిలిండర్లలోకి లాక్కోబడడం రెండోది. చాలామంది ముందు జాగ్రత్తగా ఆ చిన్నవాటిని తీయించేశారు, పొగ పరీక్ష కఠినంగా ఉండే ప్రాంతాల్లో ఉన్నవారు దాని పర్యవసానం కూడా చూసుకోవాలి. ఇక డిక్కీ విషయానికి వస్తే, లేదు. ముందు స్టెప్నీ పక్కన ఒక చేతిసంచి, సీట్ల వెనక అరల్లో మరొకటి పడతాయి.

పొడుగుకాళ్లు
ఇంత చర్చ జరిగినా సగంజీతం గారి ఎత్తు ఎవరూ అడగలేదు. నేను ఆరడుగుల మూడంగుళాలు ఉంటాను. రెండో తరం ఎమ్‌ఎక్స్-5లో కూర్చుంటే అద్దం పై చట్రం సరిగ్గా నా కళ్లకు అడ్డం వచ్చింది, టాపు వేస్తే తల గుడ్డకు తగిలింది, స్టీరింగు తిప్పినప్పుడల్లా మోకాలు దానికి తగిలేది. బడ్జెట్, బేరింగు, తుప్పు అన్నీ ఆ తరువాత చూసుకోవలసినవి. ముందు ఆ మోడల్ ఉన్నవారెవరినైనా బతిమాలి, టాపు వేసి ఒక అరగంట అందులో కూర్చోండి. నేను చివరికి మూడో తరంలో ఇమిడాను, అది కూడా సీటు కింది నురుగు కొంత కోయించిన తరువాత.

సగంజీతం
ఐదడుగుల ఏడంగుళాలు. జీవితంలో మొదటిసారి నా ఎత్తు ఒక అర్హతగా పనికొచ్చింది.

వానచినుకు
టాపు గురించి నా గోడు వినండి. బండి పేరు అనవసరం. మీట నొక్కగానే తనంతట తాను మడుచుకునే టాపు చూసి ముచ్చటపడి కొన్నాను. టాపు మీద పడిన నీరు అంచుల వెంట జారి, రెండు పక్కలా ఉన్న సన్నని గొట్టాల ద్వారా కిందికి పోవాలి. ఆకులు, దుమ్ము చేరి ఒక గొట్టం పూడుకుపోయిన సంగతి నాకు తెలియదు. టాపును నడిపే హైడ్రాలిక్ మోటారును సరిగ్గా ఆ గొట్టం అడుగున గుంటలో పెట్టారు. ఒక వానాకాలం అది నీళ్లలో మునిగి ఊరింది. తరువాత ఒకరోజు టాపు సగం లేచి ఆకాశాన్ని చూస్తూ ఆగిపోయింది, నేను గొడుగు పట్టుకుని నడిపే స్థితిలో ఇల్లు చేరాను. మోటారు మార్పించడానికి అయిన ఖర్చు బండి ధరలో ఆరో వంతు. 2002 నుంచి 2008 వరకు వచ్చిన బీఎండబ్ల్యూ జెడ్4లో మోటారు ఇలాంటి చోటే ఉంటుంది కాబట్టి, దాన్ని చూడబోయేవారు టాపు మోటారును తడిలేని చోటికి మార్పించారా అని ముందుగా అడగడం మంచిది.

చిన్నబండి
ఎమ్‌ఎక్స్-5 గుడ్డ టాపుకు మోటారే లేదు. కొక్కేలు విప్పి చేత్తో వెనక్కు తోస్తే పోతుంది, ఎర్ర దీపం పడి పచ్చది పడేలోపు అయిపోతుంది. మూడో తరంలో 2006 నుంచి మోటారుతో మడిచే గట్టి టాపు రకం కూడా వచ్చింది. అది డిక్కీ చోటు తినదు, బరువు పెద్దగా పెంచదు గాని, పాడయ్యే అవకాశమున్న భాగాల సంఖ్యను మాత్రం తప్పకుండా పెంచుతుంది.

తుప్పుగాలం
ఇప్పటివరకు అందరూ ఇంజన్ గురించే మాట్లాడారు. ఇంజన్ మార్చవచ్చు, గేరుబాక్సు మార్చవచ్చు, టాపు మార్చవచ్చు, ఒళ్లు మార్చలేము. పైకప్పు లేని కారుకు బలమంతా తలుపుల కింద ఉండే పెట్టె దూలాల్లోనే ఉంటుంది, ఎందుకంటే మామూలు కారులో పైకప్పు మోసే భారాన్ని కూడా ఇక్కడ అవే మోయాలి. అందుకే ఆ దూలాలకు తుప్పు పడితే అది అందానికి సంబంధించిన లోపం కాదు.

మొదటి రెండు తరాల ఎమ్‌ఎక్స్-5లో నీటి గొట్టాలు సీట్ల వెనక రెండు మూలల నుంచి దిగి వెనక చక్రాల ముందు బయటికి వస్తాయి. అవి పూడుకుంటే నీరు దూలం లోపలే నిలిచి, లోపలి నుంచి బయటికి తినుకుంటూ వస్తుంది. బయట ఒక బొబ్బ కనబడేసరికి లోపల ఏమీ మిగలదు. రెండో తరంలో బండి ముందు భాగాన్ని అడుగున మోసే ఛాసిస్ పట్టాలు కూడా రెండు పొరల రేకు మధ్య తడి చేరి తింటాయి, కిందికి దూరి చూస్తే తప్ప కనబడవు. ఒక సీసా నీళ్లు తీసుకెళ్లి టాపు వెనక మూలన నెమ్మదిగా పోయండి. వెనక చక్రం ముందు నేల మీద ధార పడితే గొట్టం తెరిచి ఉన్నట్టు. నీరు ఎటు పోయిందో తెలియకపోతే అది లోపలే ఉంది. తరువాత సీట్ల వెనక తివాచీ కింద వేళ్లు పెట్టి తడి చూడండి, ముక్కు కూడా పెట్టండి. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని దూలాల మీద, చక్రాల తోరణాల మీద నడిపించండి, అది జారిపోయిన చోట రంగు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ.

ఇతర బండ్లకూ బలహీనమైన చోట్లు ఉన్నాయి. 1990లలో వచ్చిన బీఎండబ్ల్యూ జెడ్3లో, ముఖ్యంగా పెద్ద ఇంజన్ వాటిలో, ఇంజన్ శక్తిని వెనక చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌ను పట్టి ఉంచే చోట డిక్కీ అడుగు రేకు వెల్డింగులు ఊడతాయి. డిక్కీ తివాచీ ఎత్తి చూడకుండా దాన్ని కొనకూడదు.

లెక్కలపుస్తకం
సీసా, అయస్కాంతం, తివాచీలో ముక్కు. అమ్మేవారు మిమ్మల్ని కొనుగోలుదారుడు అనుకుంటారో, భూతవైద్యుడు అనుకుంటారో చెప్పలేము.

తుప్పుగాలం
ఏమనుకున్నా పరవాలేదు. నేను ఈ సీసా పద్ధతి నేర్చుకున్నది ఒక బండి కొన్న తరువాత, కొనక ముందు కాదు.

మౌనపాఠకుడు
హోండా ఎస్2000 గురించి ఎవరూ ఎత్తలేదు. నిమిషానికి 9000 చుట్ల దాకా వెళ్లే 2.0 లీటర్ల ఇంజన్, టర్బో లేకుండానే 240 హార్స్‌పవర్ చేరువలో శక్తి. అది కూడా నమ్మకమైనదే గదా?

ఆరుసిలిండర్లు
నమ్మకమైనదే గాని, 1999 నుంచి 2009 వరకు మాత్రమే తయారై ఆగిపోయింది, ఇక రాదని తెలిసినవారు పట్టుకుని కూర్చున్నారు. ఈ బడ్జెట్‌కు దొరికే ఎస్2000 గుద్దుకున్నదైనా అయి ఉంటుంది, దొంగిలించినదైనా అయి ఉంటుంది. ఈ ఒక్క విషయంలో ఎమ్‌ఎక్స్-5 జనంతో ఏకీభవిస్తున్నాను, గుర్తుపెట్టుకోండి.

రెంచిబాబాయి
చూడబోయే రోజుకు కొన్ని మాటలు. వస్తున్నానని చెప్పి, ఇంజన్‌ను ముందుగా వేడి చేయవద్దని అడగండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే వాళ్లు దాచదలచుకున్నది చల్లని స్టార్టింగులోనే ఉంది. మొదటి స్టార్టుకు నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్లని పొగ తియ్యని వాసనతో ఆగకుండా వస్తే కూలెంట్ సిలిండర్‌లోకి చేరుతోంది. ఎంజీఎఫ్, ఎంజీ టీఎఫ్ అనే బ్రిటిష్ ఓపెన్ టాప్ బండ్లు చూసేవారు ఈ రెండోదాన్ని మరీ జాగ్రత్తగా చూడాలి, ఆ ఇంజన్లలో సిలిండర్ల పైన అతుకును మూసే హెడ్ గాస్కెట్ పాడయ్యే కథ జగమెరిగినది. నడుపుతున్నప్పుడు నాలుగో గేరులో తక్కువ వేగం నుంచి గట్టిగా తొక్కండి, చుట్లు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. ఇంజన్ చల్లగా ఉండగానే రెండో గేరులోకి మార్చి చూడండి, గరగరమంటే గేర్లు మెత్తగా కలిసేలా చేసే సింక్రో అరిగింది.

ఓబీడీ, అంటే తన లోపాలను తానే నమోదు చేసుకునే సౌకర్యం, ఉన్న బండి అయితే చిన్న స్కానర్ పెట్టండి. తప్పుల కోడ్లు లేకపోవడం ఒక్కటే చాలదు. బండి తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయినట్టు చూపుతోందా అన్నది కూడా చూడాలి. అవి అసంపూర్తిగా ఉంటే నిన్నో మొన్నో ఎవరో కోడ్లు చెరిపేశారు, లేదా బ్యాటరీ తీశారు. టైరు పక్కన నాలుగు అంకెల ముద్ర చదవండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనది. అప్పుడప్పుడు మాత్రమే నడిపే బండ్ల టైర్లు అరగకుండానే ముసలివవుతాయి. టైరు గాడులు లోతుగా ఉన్నాయి గదా అని మోసపోవద్దు.

సగంజీతం
మొదటిది చూసి వచ్చాను. 2006 నాటి మూడో తరం ఎమ్‌ఎక్స్-5. దూరం నుంచే కళ్లు చెదిరేలా ఎర్రగా మెరుస్తోంది, టైర్లకు కూడా నలుపు పూశారు. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, ఇప్పుడే పక్క వీధి దాకా వెళ్లి వచ్చామన్నారు. స్కానర్ పెడితే కోడ్లు ఏవీ లేవు గాని, స్వీయ పరీక్షల్లో ఒక్కటి కూడా పూర్తి కాలేదు. సర్వీసు కాగితాలు ఇల్లు మారినప్పుడు పోయాయట. సీట్ల వెనక తివాచీ పైన పొడిగా, కింద స్పాంజిలా తడిగా ఉంది. సీసా బయటికి తీయగానే అమ్మే ఆయన ముఖం మారింది. అయస్కాంతం దాకా మర్యాదగా వెళ్లలేక, ఆలోచించి చెబుతానని వచ్చేశాను. నిజం చెప్పాలంటే, టాపు తీసి ఐదు నిమిషాలు నడిపినప్పుడు ఇవన్నీ మరచిపోయి అక్కడికక్కడే డబ్బు ఇచ్చేయాలనిపించింది.

తుప్పుగాలం
పైన పటారం, లోన లొటారం. వదిలేసి మంచి పని చేశారు.

వానచినుకు
ఆ ఐదు నిమిషాల గురించి నాకు బాగా తెలుసు. రెండో బండికి వెళ్లేటప్పుడు డబ్బు ఇంట్లో పెట్టి వెళ్లండి.

సగంజీతం
రెండోది 2003 నాటి రెండో తరం, 1.8 లీటర్లు. చూపులకు బాగోలేదు. రంగు వెలిసింది, ఒక తలుపుకు సొట్ట ఉంది, టాపు గుడ్డ వెనక మూలన జానెడు చిరిగి ప్లాస్టరు అతికించి ఉంది. అయితే అమ్మే ఆవిడ నా ముందు పెట్టిన కాగితాల కట్ట నా డిగ్రీ పుస్తకాలంత ఉంది. ప్రతి ఆయిల్ మార్పుకూ తేదీ, మీటరు అంకె ఉన్నాయి, టైమింగు బెల్టు, నీటి పంపు రెండేళ్ల కిందట కలిపి మార్పించారు. సీసా నీళ్లు రెండు వైపులా వెనక చక్రం ముందు ధారగా పడ్డాయి. చిరుగు ఉన్న వైపు తివాచీ తడిసి ఎండిన మచ్చ ఉంది గాని, దూలం మీద అయస్కాంతం ఎక్కడా జారలేదు. తెలిసిన మెకానిక్ షెడ్డులో లిఫ్టు ఎక్కించి ముందు పట్టాలు కూడా చూశాడు, పై పొర మీద ఎర్రదనం తప్ప రేకు గట్టిగా ఉందన్నాడు. కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, నాలుగింటిలోనూ దాదాపు ఒకేలా వచ్చింది. చిరిగిన టాపు చూపి ధర తగ్గించమంటే ఆవిడ బేరం లేకుండానే ఒప్పుకున్నారు, అది చిరిగినప్పటి నుంచి ఎవరూ రెండోసారి చూడటానికి రాలేదట. నిన్న సాయంత్రం డబ్బు ఇచ్చేశాను. టాపుకు వినైల్ వేయించాలా, గుడ్డ రకమా?

చిన్నబండి
గుడ్డ రకం. వినైల్ చవక గాని మడతల దగ్గర త్వరగా పగులుతుంది, లోపలికి శబ్దం కూడా ఎక్కువ వస్తుంది. మీది వెనక గాజు అద్దమున్న తరం కాబట్టి, డబ్బు మిగుల్చుకోవాలని ప్లాస్టిక్ కిటికీ ఉన్న టాపు మాత్రం వేయించకండి. టాపు విప్పినప్పుడే కింద నీటిని పట్టే తొట్టెను కూడా మార్పించండి, మళ్లీ దాన్ని చేరుకోవాలంటే టాపంతా ఊడదీయాలి.

రెంచిబాబాయి
ముందు పట్టాల మీద ఎర్రదనం అన్నారు గదా. వానలు మొదలయ్యే లోపు దాన్ని గీకించి, లోపలికి మైనం కొట్టించండి. టాపు కంటే ముందు చేయవలసిన పని అదే.

ఆరుసిలిండర్లు
అభినందనలు. మూడో గేరులో ధ్వని ఎలా ఉంది?

సగంజీతం
కుట్టుమిషను లాగే ఉంది, అబద్ధం చెప్పను. అయినా నిన్న ఇంటికి రావలసిన దారి ఇరవై నిమిషాలు, గంటన్నర పట్టింది. పట్టాల పనికి శనివారం షెడ్డుకు ఇస్తున్నాను. అప్పటిదాకా ప్లాస్టరు మీద ఇంకో పొర ప్లాస్టరు.